కునుకు తెచ్చిన పడక్కుర్చీ

శనివారం పొద్దున్న దర్జీ దంపతులు వేసుకున్న పథకం చాలా చిన్నది. పాత సామాన్లు అమ్మే వీధికి విడివిడిగా వెళ్లాలి. ముక్కూ మొహం తెలియనివాళ్లలా ఒకే పడక్కుర్చీ దగ్గర ఆగాలి. ఆవిడ బేరమాడుతుంటే ఆయన అందులో కూర్చుని, "కిర్రుమంటోంది, ఇదేం కుర్చీ" అని పెదవి విరిచి లేచిపోవాలి. వాళ్లింట్లో చెంచాల దగ్గర్నుంచి బీరువా దాకా ఇలా కొన్నవే.

ఈసారి మాత్రం సరదాకి కాదు. కొన్ని నెలలుగా దర్జీకి కంటిమీద కునుకు లేదు. మొన్న ఒక చొక్కాకి రెండు చేతులూ ఒకే వైపు కుట్టేశాడు. ఇంకొకటి అలాంటిది జరిగితే కొట్టు మూసుకోవాల్సిందేనని ఇల్లాలి బెంగ. పడక్కుర్చీలో ఒరిగితేనైనా నిద్ర పడుతుందేమోనని ఆశ.

వీధంతా పల్చటి మంచు. అందులో అద్దాలూ అల్మరాలూ నేలకి ఆనకుండా తేలుతున్నట్టున్నాయి. దర్జీ వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు. ఇల్లాలు మొదలుపెట్టింది.

"ఏం బాబూ, గుడ్డ చూస్తే పాతది, కర్ర చూస్తే వదులు. దీనికింత చెప్తావా?"

"కర్ర ఉక్కులాంటిదమ్మా," అన్నాడు సామాన్లవాడు.

"ఉక్కే కావాలంటే ఇనప కొట్టుకి పోయేదాన్నిగా."

ఆ గొంతు లేస్తూ దిగుతూ సాగుతుంటే దర్జీకి అది దూరంగా నడుస్తున్న కుట్టుమిషను చప్పుడులా వినిపించింది. ఎక్కడో ఒక తెల్లటి గుడ్డ తాను విచ్చుకుంటూ మంచులోకి పోతోంది. ఆయన దాని వెంట నడిచాడు. కిర్రుమంటోంది అనాల్సిన చోట గురక వినిపించింది.

ఇల్లాలికి కళ్లు చెమర్చాయి. లేపడానికి మనసొప్పలేదు. మా ఆయనేనని చెబితే బేరం చెడుతుంది. సామాన్లవాడికి మాత్రం వెతకబోయిన తీగ కాలికి తగిలినట్టయింది. "చూడండి, ఇలా కూర్చున్నాడో లేదో అలా పడుకున్నాడు. మందూ మాకూ అక్కర్లేదు," అని కేకేశాడు. జనం పోగయ్యారు. ఒక పంతులుగారు ధర పెంచారు. ఆయన వెనకున్న నర్సు ఇంకాస్త పెంచింది.

"ఆయనకేదో జబ్బుండి ఉంటుందండీ, కుర్చీ గొప్పేం కాదు," అంది ఇల్లాలు కంగారుగా. జబ్బనగానే నర్సు నాడి పట్టుకుంది. పంతులుగారు మొహాన చల్లడానికి నీళ్లు తెచ్చారు.

"చల్లకండి. ఆయన మా ఆయన," అనేసింది ఇల్లాలు.

"ఓహో. ఒకరు బేరం, ఒకరు గురక, ఒకరు కేక. ముగ్గురూ కూడబలుక్కునే వచ్చారన్నమాట," అన్నారు పంతులుగారు. జనం విడిపోయారు. ఏ పాపమూ ఎరగని సామాన్లవాడు తల పట్టుకుని, "నీకు తోచింది ఇచ్చి కుర్చీనీ ఆయన్నీ తీసుకుపో తల్లీ," అన్నాడు.

ఇంట్లో కిటికీ పక్కన కుర్చీ వేశారు. దర్జీ అందులో ఒరిగి, చీకటి పడేదాకా పైకప్పు చూశాడు. "మెత్తగానే ఉంది. నిద్రే రావట్లేదు," అన్నాడు. ఇల్లాలు వంటింట్లోకి పోయి చప్పుడు కాకుండా ఏడ్చింది.

మర్నాడు దాన్ని అమ్మేద్దామని అదే వీధికి మోసుకెళ్లారు. దర్జీ కాళ్లు లాగుతున్నాయని అందులోనే కూలబడ్డాడు. ఒక పెద్దాయన వచ్చి ధర అడిగాడు. ఇల్లాలు కర్ర గొప్పతనం ఎత్తుకుందో లేదో వెనక గురక మొదలైంది. ఆమె ఆగింది. గురక ఆగింది. ఆమె మళ్లీ మాట్లాడింది. గురక మళ్లీ వచ్చింది.

అప్పుడు తట్టింది ఆమెకి. నెలల కిందట ఒకరోజు ఆయన తలనొప్పని "కాసేపు మాట్లాడకు" అన్నాడు. ఆనాటి నుంచి ఆమె ఇంట్లో నోరు కట్టుకునే తిరుగుతోంది. ఆయనకి నిద్ర దూరమైందీ ఆనాటి నుంచే.

"సరేనమ్మా, మీరన్న ధరే ఇస్తాను," అన్నాడు పెద్దాయన జేబులో చెయ్యి పెడుతూ.

"అయ్యో, అప్పుడే ఒప్పుకుంటే ఎలాగండీ? గుడ్డ ఎంత పాతదో చూశారా? తగ్గించి అడగండి. నేను కుదరదంటాను. మీరు మళ్లీ అడుగుదురుగాని."

చెప్పిన ధర ఇస్తానన్న మనిషిని బతిమాలి బేరమాడించడం ఆ వీధి చూడటం అదే మొదటిసారి.