భూదవ్వ బర్రె మీద జిలానీ రిపోర్టు

ఆ శనివారం పొద్దున జిలానీ వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. ఏడున్నరకు పశువుల డాక్టరు దగ్గర సంతకం, తొమ్మిదింటికి ఎల్లారెడ్డిలో కామారెడ్డి బస్సు, అక్కడ దిగి హైదరాబాదు బస్సు, మూడు గంటలకల్లా సంస్థ ఆఫీసులో రిపోర్టు దాఖలు. బస్సులు తప్పితే ఏం చేయాలో కూడా ఒక కాగితం మీద రాసి జేబులో పెట్టుకున్నాడు. నష్టభయాన్ని ముందే అంచనా కట్టుకోవాలని అతను చదివిన పుస్తకాల్లో ఉంది. ఆ పుస్తకాలు రాసినవాళ్లు ఎవరూ ఎల్లారెడ్డి వచ్చినట్టు లేదు.

అది తొంభై మూడో సంవత్సరం. జిలానీ సొసైటీ ఆఫీసులో గుమస్తా. షేర్ల మాట పేపర్లలో మారుమోగుతున్న రోజుల్లో, పెట్టుబడుల విశ్లేషణలో ఫైనాన్షియల్ అనలిస్టు పరీక్ష ఒకటి ఉందని, హైదరాబాదులోని ఒక సంస్థ పోస్టులో పాఠాలు పంపుతుందని తెలిసి అందులో చేరాడు. అయిదేళ్లు కిందామీదా పడి అన్ని పేపర్లూ గట్టెక్కాడు. మిగిలింది ఒక్క రిపోర్టు. ఏదైనా ఒక నిజమైన పెట్టుబడిని దగ్గరుండి పరిశీలించి, అందులో డబ్బు పెట్టవచ్చో లేదో తేల్చి చెప్పాలి. అంకెలు నిజమేనని గెజిటెడ్ ఆఫీసరు సంతకం చేయాలి. ఈ శనివారం దాటితే రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. బతికించుకోవాలంటే మళ్లీ రెండు వేలు కట్టాలి.

ఆ రెండు వేల మాట తలుచుకుంటేనే జిలానీకి గుండె జారిపోయేది. ఇంతవరకూ కట్టిన ఫీజులన్నీ అతని భార్య బద్రున్నీసా బీడీలు చుట్టి తెచ్చినవే. రోజుకు అయిదు వందల బీడీలు చుడుతున్నానని ఆమె చెప్పేది. తునికాకు కత్తిరించీ కత్తిరించీ ఆమె వేళ్ల కొసలు మొద్దుబారిపోయాయి. అన్నం వడ్డిస్తున్నప్పుడు ఆ వేళ్లు చూసి జిలానీ తల దించుకునేవాడు. ఈ చదువు గట్టెక్కితే హైదరాబాదులో ఒక కంపెనీలో ఉద్యోగం ఇస్తామన్నారు. అప్పుడు ఆ బీడీల చాట ఆమె ఒడిలోంచి తీసి అటక మీద పడేయాలని అతని కోరిక. జీవితంలో అంతకు మించి అతను ఏమీ కోరుకోలేదు.

తక్కిన విద్యార్థులు సిమెంటు కంపెనీల మీద, మందుల కంపెనీల మీద రాశారు. ఎల్లారెడ్డిలో కంపెనీలు లేవు. అందుకని జిలానీ మూడిళ్ల అవతల ఉన్న భూదవ్వ బర్రెను ఎంచుకున్నాడు. భూదవ్వ మొగుడు పోయిన మనిషి. ఆమెకు ఆస్తి అన్నా అండ అన్నా ఆ బర్రె ఒక్కటే. ప్రతి ఆదివారం అతను నోటుబుక్కు పట్టుకొని పోయి, పాలెన్ని, తవుడెంత, గానుగ చెక్క ఎంత అని అడిగేవాడు. పూటకు రెండు లీటర్లని ఆమె చెప్పేది. తవుడు, చెక్క మాత్రం ధారాళంగా చెప్పేది. తెల్లారకముందే పాలు పిండుకొని, చెంబు మీద కొంగు కప్పి లోపలికి తీసుకుపోయేది. దాన్ని అతను రిపోర్టులో 'పరిశుభ్రతా ప్రమాణాలు' అనే శీర్షిక కింద రాశాడు. తాతల కాలం నుంచి దర్జీ పని చేసిన ఇల్లు జిలానీ వాళ్లది. గుమ్మంలో ఏనాడూ పశువును కట్టి ఎరుగరు.

నాలుగు నెలల అంకెలతో డెబ్బై రెండు పేజీలు తయారయ్యాయి. కామారెడ్డిలో టైపు చేయించాడు. చివరి పేజీలో తేలిన సారాంశం ఇది: ఈ బర్రె నష్టాల పెట్టుబడి, వెంటనే అమ్మివేసి ఆ సొమ్మును పోస్టాఫీసులో వేసుకోవడం మేలు.

పశువుల డాక్టరు సిద్ధిరాములు నిక్కచ్చి మనిషి. చదవనిదే సంతకం పెట్టడు. టీకాల పని మీద వారం రోజులు బిచ్కుందలో ఉండి ముందురోజే తిరిగి వచ్చాడు. అందుకే పని ఆఖరి రోజుదాకా వచ్చింది. ఆయన కళ్లజోడు సవరించుకొని పన్నెండో పేజీ దగ్గర ఆగిపోయాడు. ఆ బర్రెకు పురుడు పోసింది తనే. అటువంటిది పూటకు రెండు లీటర్లేమిటని ఆయన మొహం చిన్నబోయింది. అంకె తప్పేమోనన్న అనుమానం రాలేదు. బర్రెకే ఏదో జబ్బు చేసిందనుకున్నాడు. అచ్చులో ఉన్న అంకెకు అంత గౌరవం ఉండేది అప్పట్లో. వెంటనే మందుల సంచి తీసుకొని, జిలానీని స్కూటరు వెనక కూర్చోబెట్టుకొని భూదవ్వ ఇంటికి పోయాడు.

"అవ్వా, పాలు సగానికి పడిపోతే నాకు చెప్పొద్దా? పొదుగుల ఏదో ఉన్నట్టుంది" అన్నాడు వాకిట్లోనే.

భూదవ్వ డాక్టరును చూసింది, జిలానీని చూసింది. తర్వాత ప్రహరీ మీదుగా తొంగిచూస్తున్న పక్కింటి హన్మవ్వను చూసింది. ఆ ఇద్దరు ఆడవాళ్లకూ బర్రెల దగ్గర పన్నెండేళ్ల పోటీ ఉంది. పాలు తగ్గలేదని చెప్పాలంటే ఎన్ని ఇస్తుందో చెప్పాలి. అది హన్మవ్వ చెవిన పడాలి. చివరికి, "నీ దయ, డాక్టర్ సాబ్" అని ఊరుకుంది. నిక్షేపంలాంటి బర్రెకు రెండు సూదులు పడ్డాయి. మందు గట్టిది, మూడు రోజులు ఈ పాలు ఎవరికీ పోయవద్దని డాక్టరు వాడంతా వినేలా చెప్పాడు. స్కూటరు సీటు మీద రిపోర్టు పెట్టి, అలవాటు ప్రకారం చివరి పేజీ బిగ్గరగా చదివి, అందరికీ తెలుగులో అర్థం కూడా చెప్పి, సంతకం చేసి మొహరు వేశాడు.

జిలానీకి ఇదంతా మంచి శకునంలాగే తోచింది. జబ్బు బయటపడింది, అంకెకు ఆధారం దొరికింది. తొమ్మిది గంటల బస్సు కూడా దొరికింది.

పదిన్నర దాటాక కామారెడ్డి బస్టాండులో హైదరాబాదు బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. రిపోర్టు ఒళ్లో ఉంది. అప్పుడు కింద నుంచి ఎవరో కిటికీ మీద తట్టారు. గాంధారి ఊరి పశువుల బేరగాడు ఆశన్న. మెడలో కొత్త తువ్వాల, చేతిలో ములుగర్ర, మొహంలో పండగ.

"నీ పుణ్యాన ఎల్లారెడ్డి పోతున్న, జిలానీ. భూదవ్వ బర్రె పని అయిపోయిందంట గదా. అమ్ముడే మేలని నువ్వు రాస్తే డాక్టర్ మొహరు వేసిండంట. పొద్దుగాల జీపుల వచ్చినోళ్లు చెప్పిన్రు."

బర్రెకు నిజంగా జబ్బుందని, కొనవద్దని జిలానీ మంచి మనసుతో హెచ్చరించాడు. ఆశన్న అతన్ని జాలిగా చూశాడు.

"పాలెన్నని అడిగితే ఎవలన్న నిజం చెప్తరా? దిష్టి తగులుతదని సగం చెప్తరు. ఖర్చు అడిగితే రెండింతలు చెప్తరు. ఆమె రెండన్నదంటే నాలుగు. గీ ముచ్చట పసిపోరలకు గూడ ఎరుకే. ఎనిమిది వేల బర్రె, ఇయ్యాల మూడు వేలకు ఇస్తది. ఎవలు కొంటరు మరి, నేను గాక?"

జిలానీ పన్నెండో పేజీ తెరిచాడు. డెబ్బై రెండు పేజీలు ఒళ్లో బరువెక్కాయి. పాలు సగం, ఖర్చు రెండింతలు. నాలుగు నెలలు కూర్చొని అతను భూదవ్వ భయాన్ని లెక్కకట్టి గ్రాఫులు గీశాడు. డ్రైవరు ఇంజను స్టార్టు చేశాడు. ఈ బస్సు కదిలితే అతను పరీక్ష పాసవుతాడు, అందులో సందేహం లేదు. భూదవ్వ బర్రె పూటకు ఎన్ని పాలిస్తుందో హైదరాబాదులో ఎవరికి తెలుసు? బద్రున్నీసా వేళ్లు గుర్తొచ్చాయి. ఆ వెంటనే, సూది వేయించుకుంటున్న బర్రె మెడ మీద భూదవ్వ వేసిన చెయ్యి గుర్తొచ్చింది. అతనికి ఏడుపొచ్చినంత పనయింది. లేచి, కండక్టరును బతిమాలి, కదులుతున్న బస్సు దిగాడు.

ఎల్లారెడ్డి బస్సులో ఆశన్న పక్కనే సీటు దొరికింది. ఇంత లాభం చూపించిన మనిషని, వద్దన్నా వినకుండా టికెట్టు ఆశన్నే తీశాడు.

వాళ్లు చేరేసరికి వాడలో వ్యవహారం బాగా ముదిరి ఉంది. చాయ్ హోటలు ఖుద్దూస్ పొద్దుటి పాలు వెనక్కి పంపాడు. ఇక వాడుక మానేస్తున్నానని కూడా చెప్పి పంపాడు. హన్మవ్వ తన దూడను రెండు గుంజల అవతలికి మార్చి కట్టింది. బర్రెకు వచ్చిన జబ్బు పేరు ఒక్కో ఇంట్లో ఒక్కోలా ఉంది. భూదవ్వ వాకిట్లో నిండు క్యాను ముందు కూర్చొని ఉంది. ఆశన్న తువ్వాల సర్దుకొని మూడు వేల మాట ఎత్తాడు. ఆమె కాదనలేదు.

జిలానీ వాకిలి నడుమ నిలబడి, తన రిపోర్టు తప్పని, బర్రె బంగారంలా ఉందని అందరికీ చెప్పాడు. ఎవరూ నమ్మలేదు. దస్తఖతు, మొహరు ఉన్న కాగితం ఒక దిక్కు, సొసైటీ గుమస్తా నోటిమాట ఒక దిక్కు అన్నారు. అప్పుడు భూదవ్వ తలెత్తింది.

"నాలుగు నెలలు నా బర్రె సుట్టు తిరిగినవు. నీకు గిదేనా కండ్లబడ్డది, బిడ్డా?"

"నువ్వే రెండు లీటర్లన్నవు గదా, అవ్వ."

"అంటరు. అన్నదాన్ని ఇనెటోడు అర్థం చేస్కోవాలె. గంత సదువు సదివినవు, గిది చెప్పలేదా నీకు?"

ఆ పుస్తకాల్లో అది లేదు. జిలానీ తప్పు ఒప్పుకొని, ఇక దీనికి ఒకటే దారి ఉందన్నాడు. సాయంత్రం డాక్టరు ముందు, వాడంతా చూస్తుండగా పాలు పిండాలి. భూదవ్వ ఆ మాటకు బర్రెను అమ్మమన్నదానికంటే ఎక్కువ భయపడింది. తన అత్త కూడా ఆ పొదుగు కింద చెంబును పరాయివాళ్ల కంట పడనివ్వలేదని చెప్పింది. చాలాసేపు బర్రె గంగడోలు నిమురుతూ నిలబడి, చివరికి సరేనంది.

సాయంత్రం అయిదింటికి డాక్టరు కొలపాత్ర తెచ్చాడు. వాకిట్లో కాలు పెట్టే సందు లేదు. భూదవ్వ బర్రెను బయటికి తెచ్చి, కొంగు నడుముకు దోపుకొని కూర్చుంది. చెంబులో ధార మోగింది. పిండుతున్నంతసేపూ ఆమె కళ్ల వెంట నీళ్లు కారుతూనే ఉన్నాయి. డాక్టరు కొలిచాడు. నాలుగుంపావు. హన్మవ్వ మారు మాట లేకుండా లోపలికి వెళ్లిపోయింది. ఖుద్దూస్ ఆ మూడు రోజులు గడిచాక మళ్లీ తనకే పోయాలని, ఇంకో లీటరు ఎక్కువ కావాలని అన్నాడు. ఆశన్న గుట్టు రట్టయినా చిన్నబుచ్చుకోలేదు. నిలబడ్డచోటనే తొమ్మిది వేలకు బేరం పెట్టాడు. భూదవ్వ అతనికి మంచినీళ్లిచ్చి పంపించింది.

సూదిమందు పడ్డ పాలు కాబట్టి ఆ నాలుగుంపావు లీటర్లూ పెంటకుప్ప మీద పారబోశారు. అంత చిక్కటి పాలు నేల పాలవడం ఆ వాడలో ఎవరూ అంతకుముందు చూడలేదు. భూదవ్వ ఉప్పూ ఎండుమిరపకాయలూ తెచ్చి బర్రెకు మూడుసార్లు దిష్టి తీసింది. అదే గుప్పిటతో జిలానీకీ తీసి, అతని తల మీద చెయ్యి వేసి, బస్సు దిగి వచ్చినవంట కొడుకా అంది. మిరపకాయలు నిప్పుల్లో వేస్తే ఘాటు ఎంత వచ్చిందో రాలేదో గాని జిలానీ కళ్లు మాత్రం మండాయి. డాక్టరు రిపోర్టు అడిగి తీసుకొని, తన సంతకాన్ని రెండు గీతలతో కొట్టేశాడు. అబద్ధం మీద మొహరు ఉండనివ్వకూడదన్నాడు. అప్పటికి హైదరాబాదులో సంస్థ ఆఫీసు మూసి గంట దాటింది.

దీపాలు పెట్టే వేళకు జిలానీ ఇల్లు చేరాడు. బద్రున్నీసా ఒడిలో చాట పెట్టుకొని బీడీలు చుడుతోంది. అతను గోడకు ఆనుకొని కూర్చొని జరిగిందంతా చెప్పాడు. రెండు వేలు కడితే తప్ప ఇక దారి లేదని, ఆ డబ్బు అడిగే మొహం తనకు లేదని, ఇంతటితో ఈ చదువు చాలిస్తానని అన్నాడు. ఆమె చేతిలోని బీడీకి దారం చుట్టి, తెంపి, లేచి వెళ్లి తునికాకు సంచి అడుగునుంచి ఒక బిస్కట్ల డబ్బా తెచ్చింది. వాళ్లిద్దరూ ఇంట్లో ఉర్దూలోనే మాట్లాడుకుంటారు. మన సౌకర్యం కోసం తెలుగులో చెప్పుకోవాలి.

"రోజుకు అయిదు వందలు చుడుతున్ననని చెప్పేదాన్ని గదా."

"అవును."

"వెయ్యి చుడుతున్న."

జిలానీ ఆమె వేళ్ల వంక చూశాడు. అయిదేళ్లుగా రోజూ ఆ వేళ్లను చూస్తూనే ఉన్నాడు. ఇన్నాళ్లూ తనకెందుకు చెప్పలేదని అడగలేకపోయాడు. జవాబు పొద్దున బస్టాండులోనే విన్నాడు.

"సోమవారం పోయి కట్టండి. ఈసారి మాత్రం ఆమె చెప్పింది రాసుకోకండి, పాలు మీరే కొలవండి" అంది బద్రున్నీసా.

అతను కళ్లు తుడుచుకొని, డబ్బాలో ఎంత ఉందని అడిగాడు. ఆమె మూత గట్టిగా నొక్కి, డబ్బాను కొంగు చాటుకు జరుపుకొని, సరిగ్గా రెండు వేల వంద ఉంటుందని చెప్పింది.

జిలానీ తల ఊపి, ఆ అంకెను మనసులోనే రెండుతో హెచ్చవేసుకున్నాడు.