మూడో విజిల్ తర్వాత దగ్గు

ఆ రోజు పొద్దున హమాలీ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిది కాగానే వంటింటి కిటికీ దగ్గర నిలబడి నాలుగు విజిల్స్ వెయ్యడం, చెప్పులు తొడుక్కోవడం, లారీ రాకముందే గోడౌన్‌కి చేరుకోవడం. చాలా రోజులుగా గోడౌన్‌కి సరుకు రాలేదు. ఈవేళ బియ్యం లారీ వస్తోందని నిన్న సాయంత్రం కబురందింది. పేర్లు పిలిచేటప్పుడు ఎదురుగా కనబడ్డవాడికే మూట, మూట మోసినవాడికే కూలి.

విజిల్స్ సంగతి ముందే చెప్పాలి. వాటిని వేసేది కుక్కరు కాదు, హమాలీయే. కింది పెదవిని లోపలికి మడిచి, నాలుకను పైపళ్లకు ఆనించి ఊపిరి వదిలాడంటే అచ్చం కుక్కరు కూతే. మొదట సన్నగా బుస, తర్వాత ఒక్కసారిగా కూత, చివర్లో నిట్టూర్పులా చల్లారడం. ఇంట్లో కుక్కరు ఉన్న రోజుల్లో రోజూ విని విని నేర్చుకున్న విద్య అది. కుక్కరు అమ్ముడుపోయి రెండు నెలలైంది. విద్య మాత్రం మిగిలింది.

ఈ తిప్పలన్నీ పై అంతస్తులో ఉండే ఇంటావిడంటే భయంతో వచ్చినవి. అద్దెకున్నవాళ్ల బాగోగులు ఆవిడ చెవులతోనే కనిపెడుతుంది. కింది గదిలో పొయ్యి వెలిగితే అద్దె వస్తుంది, వెలగకపోతే రాదు. అదీ ఆవిడ లెక్క. హమాలీ, అతని భార్య చేరకముందు ఆ గదిలో బొమ్మలమ్ముకునే అతను ఉండేవాడు. "మీ వంటింట్లో చప్పుడు లేదేం?" అని ఆవిడ అడిగిన మర్నాడే అతని మంచం, పెట్టె, బొమ్మల బుట్ట వీధిలో వానకు తడుస్తూ కనిపించాయట. ఈ కథ విన్నప్పటి నుంచీ మెట్ల మీద ఆవిడ తాళాల గుత్తి గలగలమంటే చాలు, మొగుడూ పెళ్లాలకు కాళ్లూ చేతులూ ఆడవు. అందుకే అద్దె ఒక్క నెల కూడా తప్పలేదు. తప్పింది తిండే.

వీళ్ల విజిల్స్ అయిన కాసేపటికి పైన ఇంటావిడ కుక్కరు మొదలెడుతుంది. అదీ నాలుగే వేస్తుంది. కాకపోతే మూడో విజిల్ తర్వాత చిన్నగా దగ్గుతుంది. వాషరు పాతబడి ఉంటుందని వీళ్లు అనుకునేవారు. వంట వాసన మాత్రం ఎప్పుడూ కిందికి రాలేదు. అంత పైనున్నవాళ్ల వాసన మన దాకా ఎందుకొస్తుందిలే అని దానికీ సర్దిచెప్పుకున్నారు.

"పన్నెలా ఉంది?" అని అడిగింది భార్య.

నిన్న గోడౌన్లో మిగిలిపోయిన పాత బస్తా కుట్టు విప్పడానికి పురికొసను పళ్లతో లాగితే, పురికొస అలాగే ఉంది, ముందు పన్ను సగం విరిగింది.

"బానే ఉందిలే" అన్నాడు హమాలీ. బానే ఉందన్న మాట చివర సన్నటి ఈల ఒకటి వినిపించింది. ఇద్దరూ దాన్ని పట్టించుకోలేదు. అక్కడే పొరపాటు జరిగింది.

ఎనిమిదైంది. హమాలీ కిటికీ దగ్గర నిలబడి పెదవి మడిచి ఊదాడు. బుస రావలసిన చోట, తోక తొక్కిన పిల్లి గొంతులాంటిదేదో "స్సుయ్‌య్‌య్" మంటూ బయటికొచ్చింది. అతను హడలిపోయి ఆపేశాడు. అతను ఆపినా అది ఆగలేదు. ఊపిరి వదిలినప్పుడల్లా పన్ను సందులోంచి మళ్లీ "స్సుయ్".

పైనుంచి ఇంటావిడ గొంతు దిగింది. "అమ్మాయ్! ఏంటా చప్పుడు?"

"కుక్కరండీ పిన్నిగారూ!"

"కుక్కరలా ఏడుస్తుందేం?"

భార్య నోటికొచ్చింది అనేసింది. "వాషరు పోయినట్టుందండీ!"

ఇంతటితో అయిపోతుందనుకుంది పాపం. ఇంటావిడకు ప్రాణం కన్నా ఇల్లు ఎక్కువ. "వాషరు పోయిందా! మా చెల్లెలి పక్కింట్లో ఇలాగే అన్నారు. మూత ఎగిరెళ్లి స్లాబుకు తగిలింది! పొయ్యి ఆపెయ్యి!"

"ఆపేశానండీ!"

"మరింకా కూస్తోందేం?"

భార్య గబుక్కున మొగుడి నోరు మూసింది. ముక్కుతో పీల్చుకుంటాడు కదా అనుకుంది. కానీ గోడౌన్ దుమ్ముకు హమాలీ ముక్కు రెండు వైపులా దిబ్బడేసి ఏళ్లయింది. అతని కళ్లు తేలిపోతుంటే హడలిపోయి చెయ్యి తీసింది. బిగబట్టిన ఊపిరంతా ఒక్కసారి బయటపడి వీధి చివరిదాకా వినిపించింది.

మెట్ల మీద తాళాల గుత్తి గలగలమంది. భార్య తలుపు గడియ పెట్టి, వీపు ఆనించి నిలబడింది.

"తలుపు తియ్యమ్మాయ్! నేను చూస్తాను."

"రాకండి పిన్నిగారూ! పేలిపోతుంది!"

అనేశాక నాలుక్కరుచుకుంది గానీ, మాట అప్పటికే వీధిలో పడింది. "పేలిపోతుందట! అందరూ బయటికి రండి!" అని ఇంటావిడ కేకేసింది. తలుపులు తెరుచుకున్నాయి. ఎవరో గోనెపట్టాలు తడిపారు. ఎవరో పిల్లల్ని లెక్కపెట్టుకుంటూ ఒకర్ని తక్కువ లెక్కపెట్టి గోలపెట్టారు. "స్టవ్ మేస్త్రిని పిలవండి! అతనైతేనే దించగలడు" అంది ఇంటావిడ.

ఆ పేరు వినగానే లోపల ఇద్దరి మొహాల్లో నెత్తురుచుక్క లేదు. వీళ్ల కుక్కరును కొన్నది ఆ మేస్త్రే. వీధి మూల మీద కొట్టు పెట్టుకుని స్టవ్వులూ కుక్కర్లూ బాగుచేస్తాడు, పాతవి కొంటాడు. అమ్మినట్టు ఎవరికీ చెప్పనని ఒట్టు పెట్టాడు గానీ, నోట్లో నువ్వుగింజ నానని మనిషి.

"అయిపోయింది" అంది భార్య. "సాయంత్రానికి మన మంచం వీధిలో ఉంటుంది."

హమాలీ ఏదో ధైర్యం చెప్పబోయాడు. "స్సుయ్" అని మాత్రమే వచ్చింది.

భార్య గడియ తియ్యగానే మేస్త్రి నెత్తిమీద తడి గోనెపట్టా, చేతిలో పట్టకారుతో, యుద్ధానికి వెళ్లినట్టు లోపలికొచ్చి తలుపు వేసుకున్నాడు. పొయ్యి వైపు చూశాడు. పొయ్యి మీద ఏమీ లేదు. చల్లగా ఉంది.

"ఇదేంటి? మీ కుక్కరు నా అటక మీదుంది కదా! మరిక్కడ కూస్తున్నదేంటి?" అన్నాడు గుసగుసగా, దయ్యాన్ని చూసినట్టు.

హమాలీ తన నోరు చూపించి ఒకసారి ఊపిరి వదిలాడు. మేస్త్రి నేలమీద కూలబడ్డాడు. భార్య నాలుగు మాటల్లో సంగతి చెప్పి దణ్ణం పెట్టింది. "అన్నయ్యా, ఎలాగైనా గట్టెక్కించు. గది పోతే మాకు తలదాచుకునే చోటు లేదు."

బయటినుంచి ఇంటావిడ, "మేస్త్రీ! బతికే ఉన్నావా?" అని అరిచింది.

"ఉన్నానండీ! కానీ పరిస్థితేం బాలేదు!" అన్నాడు మేస్త్రి. ఆ పూట అతను బయటివాళ్లకు చెప్పిన వాటిలో అబద్ధం కానిది అదొక్కటే.

అప్పుడు మేస్త్రికి ఒక ఉపాయం తట్టింది. నీళ్ల బిందెను గోనెపట్టాలో చుట్టి, అదే కుక్కరని చెప్పి, హమాలీ వీధి చివర ఖాళీ స్థలం దాకా పరుగెత్తి పొదల్లో పారేస్తాడు. అక్కడినుంచి అటే గోడౌన్‌కి పోతాడు. కూత కూడా అతనితోనే పోతుంది. కుక్కరు పోయింది కనక రేపటినుంచి విజిల్ ఎందుకు లేదని ఎవరూ అడగరు. భార్యకు ప్రాణం లేచొచ్చింది. ఇంత మంచి ఉపాయం ముందే తట్టి ఉంటే రెండు నెలల ఊపిరి మిగిలేది కదా అనుకున్నాడు హమాలీ.

తలుపు తెరుచుకుంది. గోనె మూట గుండెకు హత్తుకుని, "స్సుయ్ స్సుయ్" మంటూ హమాలీ వీధిలోకి దూకాడు. కానీ వీధి జనమంతా పారిపోవడానికి ఎంచుకున్నది కూడా ఆ ఖాళీ స్థలం వైపే. పేలబోయే కుక్కరుతో ఒక మనిషి వెంటపడుతున్నాడని వాళ్లు ఇంకా జోరుగా పరుగెత్తారు. వాళ్లు దారి ఇవ్వరు, ఇతను ఆగడు. చివరికి ఖాళీ స్థలం కిక్కిరిసిపోయింది. "ఇక్కడికి తేకురా నాయనా!" అని అందరూ చేతులు జోడిస్తుంటే అతను వెనక్కి తిరిగి, వచ్చిన దారినే ఇంటివైపు పరుగెత్తాడు. పొద్దున్నుంచీ ఏమీ తినని కాళ్లు గేటు దగ్గర మొరాయించాయి. గడప తన్నుకుని బోర్లా పడ్డాడు.

మూట విడిపోయింది. సొట్ట బిందె ఒకటి దొర్లుకుంటూ వెళ్లి ఇంటావిడ పాదాల దగ్గర ఆగింది. దూరంగా జనం చెవులు మూసుకుని నేలకు అతుక్కుపోయారు. గేటు దగ్గర మిగిలింది నలుగురే: ఇంటావిడ, మేస్త్రి, మొగుడూ పెళ్లాలు.

బిందె కూయడం లేదు. హమాలీ కూస్తున్నాడు.

ఇంటావిడ బిందెను చూసింది, హమాలీ నోటిని చూసింది. "ఏదీ, ఊపిరి వదులు" అంది.

వదిలాడు. కూసింది.

"నోరు ముయ్యి."

మూశాడు. ఆగింది.

"ఎన్నాళ్ల నుంచి?" అని అడిగింది ఆవిడ. ఆ గొంతులో కోపం ఉందో లేదో తెలియక భార్య ఒకసారి మొగుడి వైపు చూసింది. చివరికి ఏడ్చేసింది. "రెండు నెలల్నుంచండీ. కుక్కరు అమ్మే మొన్నామధ్య అద్దె కట్టాం. మమ్మల్ని పంపెయ్యకండి పిన్నిగారూ. మీరు ఖాళీ చెయ్యమంటారేమోనని మాకు నిద్ర కూడా పట్టదు. పస్తులుండైనా మీ అద్దె కట్టేస్తున్నాం."

ఇంటావిడ తాళాల గుత్తిని పిడికిట్లో బిగించింది. ఏదో అనబోయింది. సరిగ్గా అప్పుడే పైనుంచి ఆవిడ కుక్కరు విజిల్ వేసింది.

బుస, కూత, నిట్టూర్పు. మళ్లీ ఇంకోటి.

"పైన ఇంకో కుక్కరు!" అని వీధి చివర్నుంచి ఎవరో కేక పెట్టారు. దాంతో మిగిలినవాళ్లు కూడా మలుపు తిరిగి మాయమయ్యారు.

"అయ్యో పిన్నిగారూ, పొయ్యి మీద పెట్టి వచ్చేశారా!" అంటూ మేస్త్రి మెట్లెక్కబోయాడు. "వద్దు! పైకెళ్లకు!" అని ఇంటావిడ కంగారుగా అడ్డంపడింది. రెండు మెట్లెక్కిన మేస్త్రి తనంతట తనే ఆగిపోయాడు. "అదేంటి? మీ కుక్కరు కూడా నా అటక మీదే ఉందిగా!"

అని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

పైన మూడో విజిల్ పడింది. తర్వాత చిన్న దగ్గు వినిపించింది.

ఆ దగ్గు విని హమాలీ నేలమీంచి మెల్లగా లేచి కూర్చున్నాడు. ఒకనాడు గోడౌన్ దుమ్ము గొంతుకు అడ్డంపడి, విజిల్స్ మధ్యలో తనకు దగ్గొచ్చిన సంగతి గుర్తుకొచ్చింది. "పిన్నిగారూ, అది నా దగ్గేనండీ" అన్నాడు.

ఇంటావిడ మెట్టు మీద చతికిలబడింది. పైట కొంగుతో మొహం తుడుచుకుంది. "ఫోన్లో రికార్డు చేసుకున్నాను. మీ కుక్కరు కూత గట్టిగా ఉంటుందని కిటికీలోంచి ఫోను బయటికి పెట్టి పట్టుకున్నాను. రోజూ మీ విజిల్స్ అయ్యాక మోగేలా పెట్టుకున్నాను."

"మీకెందుకండీ?" అంది భార్య ఏడుపు ఆపేసి.

"మీ అద్దె తప్ప నాకింకేం వస్తుందమ్మా? దాంట్లోంచే ఇంటిపన్ను, కరెంటు, నా మందులు. మిగిలితే వంట. మిగిలి చాన్నాళ్లయింది. ఇంటావిడే పస్తులుందని తెలిస్తే కిందవాళ్లకు నేనంటే భయముంటుందా? భయం లేకపోతే అద్దె కడతారా?"

నాలుగో విజిల్ కూడా పడి పైన సద్దుమణిగింది.

"అయితే గది..." అంది భార్య బెరుగ్గా.

"గది ఖాళీ చేయిస్తే అద్దె ఎవరిస్తారే, నీ మొహం!" అంది ఇంటావిడ. అంత తిట్టునూ భార్య దీవెనలా పుచ్చుకుంది.

ఇక మేస్త్రి తన గోడు అందుకున్నాడు. "అమ్మడానికి మీరిద్దరూ ఉన్నారు. కొనడానికి ఈ వీధిలో ఒక్కరుంటే ఒట్టు. నా డబ్బంతా అటకెక్కి కూర్చుంది. ఆ రెండింటినీ చూస్తే నాకు కడుపు మండిపోతోంది." ఆ మీదట, "ఒకటి తెచ్చిస్తాను. అందులో ఏదైనా వండితే నాకూ ఓ ముద్ద పెట్టండి" అన్నాడు.

హమాలీ అప్పుడు గోడౌన్ సంగతి గుర్తొచ్చి, గుండెలు బాదుకుంటూ పరుగెత్తాడు. అదృష్టం కొద్దీ లారీ టైరు దారిలో పంక్చరై ఆలస్యంగా వచ్చింది. పేర్లు పిలిచినప్పుడు అతను "స్సుయ్" అని పలికినా మూట ఎత్తనిచ్చారు. సాయంత్రం కూలితో పాటు, నేలమీద ఒలికిన బియ్యం ఊడ్చుకుని కండువాలో మూటగట్టుకొచ్చాడు.

మర్నాడు పొద్దున కింది వంటింట్లో నిజమైన కుక్కరు పొయ్యెక్కింది. అది పైవాళ్లదో కిందివాళ్లదో మేస్త్రికే తెలియలేదు. నలుగురూ దాని చుట్టూ కూర్చున్నారు. గ్యాసు మధ్యలో ఆగిపోతుందేమోనని భార్యకు భయం, నిజంగానే పేలుతుందేమోనని ఇంటావిడకు భయం. మొదటి విజిల్ పడగానే వీధిలో తలుపులు టపటపా తెరుచుకున్నాయి, ఎవరో తడి గోనెపట్టా కోసం కేకేశారు. రెండోది పడింది, మూడోదీ పడింది. దగ్గు రాలేదు.

ఇంటావిడ ఒక చెవి ఒగ్గి విని, తల అడ్డంగా ఊపింది. "ఏమోనమ్మాయ్, మీ ఆయన వేసినంత నిజంగా లేదు."