ఎజ్రా కొట్టిన వేట

ఈస్టర్ ముందురోజు పొద్దున్నే బయల్దేరి, మధ్యాహ్నానికల్లా లోయ అవతలి చర్చిలో శాక్సాఫోన్ అప్పగించి, చీకటి పడకముందే తిరిగి అరకు వచ్చేయాలని ఎజ్రా అనుకున్నాడు. అతని తాత సమూయేలు ఎవరో తెల్లదొర దగ్గర ఆ వాద్యాన్ని ఒక్కసారి చూసి, ఇత్తడి రేకు కొట్టి అలాంటిదే తయారుచేశాడు. గొట్టం వంచేటప్పుడు నలగకుండా లోపల గుగ్గిలం కరిగించి పోయడం, గట్టిపడ్డాక వంచి మళ్లీ కాచి తీసేయడం ఆయన సొంతంగా పట్టుకున్న కిటుకు. తండ్రి అదే చేశాడు. ఎజ్రా అదే చేస్తున్నాడు. కాకపోతే కొనేవాళ్లు లేరు. 2003 నాటికి పెళ్లి బ్యాండ్లన్నీ కీబోర్డులకు మారిపోయాయి.

ఈ ఒక్కటీ పండగ ఆరాధనలో బాగా పలికితే బ్యాండుకి కావలసినవన్నీ నీ చేతే చేయిస్తామని పాస్టరు మాట ఇచ్చాడు. పలక్కపోతే పనిముట్లన్నీ పాతసామాన్లవాడికి తూకానికి ఇచ్చేస్తానని భార్య జీవిత మాట ఇచ్చింది. ఇద్దరిలో ఎవరి మాట గట్టిదో ఎజ్రాకి తెలుసు.

సగం దారిలో ఒక కొండ ఊరి దగ్గర జీపు ఆగింది. చైత్రంలో, విత్తనాలు చల్లేముందు వచ్చే ఇటుకల పండగ రోజులు. మగవాళ్లంతా విల్లంబులతో అడవికి వేటకి పోతే, ఆడవాళ్లు రోడ్డుకి అడ్డంగా కర్ర పట్టుకుని, వచ్చే పోయే బళ్ల దగ్గర పండగ మామూలు పుచ్చుకుంటారు. జీపులో అందరూ ఇచ్చారు. ఎజ్రా జేబులో ఇవ్వడానికేమీ లేదు. కర్ర పట్టుకున్న సోములమ్మ అతని మెడలో వేలాడుతున్న దాన్ని చూసింది.

"అదేటి?"

"శాక్సాఫోను, అప్పా. ఊదుతారు."

"అయితే ఊదు. ఊదీసి బేగెల్లు."

ఊదితే పోయేదేముంది అనుకున్నాడు ఎజ్రా. ఉన్నదంతా అక్కడే పోయింది. చేసినవాడి గర్వం కొద్దీ దిగి నిలబడి, కింది స్వరాన్ని ఊపిరున్నంతసేపు సాగదీశాడు. కొండ మారుమోగింది. జీపువాడు విసుగెత్తి వెళ్లిపోయాడు.

ఆ ఊళ్లో జంతువు పడగానే కొమ్ముబూర అలాగే సాగదీసి ఊదుతారు. అడవిలో రెండు జట్లుగా తిరుగుతున్న వేటగాళ్లు ఆ మోత విన్నారు. అవతలివాళ్లు కొట్టేశారని ఇవతలివాళ్లు, ఇవతలివాళ్లు కొట్టేశారని అవతలివాళ్లు, వెంటాడుతున్న కొండగొర్రెను వదిలేసి పరుగెత్తుకొచ్చారు. వట్టి చేతులతో రోడ్డు మీద కలుసుకున్నారు. వట్టి చేతులతో వచ్చిన మగవాళ్ల మీద పేడనీళ్లు పోయడం ఆ పండగ ఆనవాయితీ. సోములమ్మా వాళ్లూ ఆనవాయితీ తప్పలేదు.

ముఖం తుడుచుకుంటూ వేటపెద్ద సుక్రు, ఊదినవాడెవడని అడిగాడు. అన్ని వేళ్లూ ఒక్కవైపే తిరిగాయి.

"బూర మోగినాక వేట సూపాల. సూపకపోతే ఇత్తు మొలవదు," అన్నాడు సుక్రు.

ఎజ్రా బతిమాలాడు. తాత సంగతి చెప్పాడు. గుగ్గిలం సంగతి చెప్పాడు. పడిన కష్టం అర్థమవుతుందేమోనని ఒక్కొక్క భాగమూ ముట్టి, ఇది మెడ, ఇది ఒళ్లు, ఇది నోట్లో పెట్టుకునేది అని చూపించాడు. అక్కడితో పూర్తిగా మునిగిపోయాడు.

"మెడుందా?"

"ఉంది మామా, గానీ..."

"ఒల్లుంది. అరిసింది కూడాను. జంతువు కాక మరేటిది?"

"ఇత్తడి మామా."

"అయితే తోలు గట్టిదన్నమాట."

శాక్సాఫోన్‌ని కర్రకి వేలాడగట్టి డప్పులతో ఊళ్లోకి మోసుకెళ్లారు. ఆడవాళ్లు శాంతించి, పసుపునీళ్లు చల్లి ఎదురొచ్చారు. వేట అన్నాక ఇంటికో వాటా పడాలి. భీముడనేవాడు గొడ్డలి తెచ్చాడు. గొడ్డలి చూశాక ఎజ్రాకు వేరే దారి లేకపోయింది. సంచిలోంచి స్క్రూడ్రైవర్ తీసి, నెలల తరబడి కూర్చుని బిగించిన మీటలన్నీ తన చేత్తోనే విప్పి, ఇంటింటికీ పంచాడు. చెయ్యి తిరిగిన కోత అని సోములమ్మ మెచ్చుకుంది.

ఈస్టర్ ఆరాధన ఎవరో తెచ్చిన కీబోర్డుతో జరిగిపోయింది. సోమవారం జీవిత తన మాట నిలబెట్టుకుంది.

ఆ ఏడు ఆ ఊళ్లో చోళ్లు ఎన్నడూ లేనంతగా పండాయి. మళ్లీ చైత్రానికి సుక్రు చుట్టుపక్కల ఊళ్ల పెద్దలందరినీ వెంటబెట్టుకుని అరకు వచ్చాడు. ఊరికొకటి కావాలన్నాడు. చర్చి చేయిస్తానన్నవాటికి రెట్టింపు. ఎజ్రా తన పనిపాక తలుపు తీశాడు. లోపల చల్లారిన కొలిమి తప్ప ఏమీ లేదు.

"అవింక లేవు మామా."

సుక్రు లోపలికి తొంగి చూశాడు. ఈ కొండల్లో పులులు కూడా ఇలాగే పోయాయన్నాడు.