నిలువ నీడలేని కొలతలు

టైలరత్తయ్య ఇంటి పడమటి గోడ వానకు కూలిపోయిన రోజునే భూమి కొలతల మంత్రిగారు ఊరికి ఒక వరం ప్రకటించారు. ఇక ఈ ఊళ్ళో సరిహద్దు తగాదా అన్న మాట వినపడదు. ప్రతి స్థలానికీ కంప్యూటర్లో మ్యాపు గీస్తారు. ప్రతి గీత పక్కనా అది ఏ దిక్కుకు ఎన్ని డిగ్రీలు వాలి పోతోందో, పొడవు ఎన్ని మీటర్లో రాస్తారు. అదీ వేదిక మీద నుంచి చదవగలిగేంత పెద్ద అక్షరాల్లో. మంత్రిగారు కళ్ళజోడు పెట్టుకోరు. పెట్టుకుంటే వయసు మీద పడుతోందని ప్రజలు బెంగపెట్టుకుంటారని ఆయన బెంగ.

ఆ గోడ అత్తయ్య భర్త తన చేతులతో కట్టింది. ఆయన పోయాక ఇదీ ఆయన పని అని చూపించడానికి మిగిలింది అదొక్కటే. అత్తయ్య ఇటుకలన్నీ ఏరి, కడిగి, వరసగా పేర్చి, మేస్త్రీకి కబురు పెట్టింది.

"కొత్త రూలమ్మా. మ్యాపు మీద ముద్ర పడందే తాపీ ముట్టుకోకూడదట," అన్నాడు మేస్త్రీ.

సర్వే ఆఫీసులో డ్రాఫ్టరు కంప్యూటరు ముందు తల పట్టుకుని కూర్చున్నాడు. అత్తయ్యది రెండు వీధుల మూలలో ఇరుక్కున్న స్థలం. మ్యాపులో దాని పడమటి గీత బొటనవేలి గోరంత. మంత్రిగారి అక్షరాలు బెత్తెడు.

"పట్టట్లేదు అత్తయ్యా. స్థలం కన్నా కొలత పెద్దదైపోయింది."

"అక్షరాలు చిన్నవి చెయ్యి నాయనా."

"చేస్తే మంత్రిగారికి అవి కనపడవు. అవి కనపడకపోతే మర్నాటి నుంచి ఈ కుర్చీలో నేను కనపడను."

అంతలో మంత్రిగారే తనిఖీకి దయచేశారు. డ్రాఫ్టరు లేచి నిలబడి ఉపాయం విన్నవించాడు. "కొలతను స్థలం బయటికి లాగేసి, అక్కణ్ణుంచి గీతకు ఒక బాణం వేస్తే సరిపోతుంది సర్. సాఫ్ట్‌వేర్‌లో దాన్ని లీడర్ అంటారు."

"బయట నిలబడి వేలు చూపించడమేనా దాని పని?"

"అంతే సర్."

"చాలా బాధ్యత గల పని," అన్నారు మంత్రిగారు గంభీరంగా. ఊరంతటికీ అదే పద్ధతి మంజూరు చేశారు.

అత్తయ్య కొలతలన్నీ పడమటి పక్కనున్న విశాలమైన స్థలంలోకి వెళ్ళి పడ్డాయి. ఆ స్థలం మంత్రిగారి బావమరిదిది. మర్నాడు ఆ బావమరిది మ్యాపు చుట్ట పట్టుకుని అత్తయ్య కుట్టుమిషను దగ్గరికే వచ్చాడు.

"ఏమత్తయ్యా, పెద్దవారని ఊరుకుంటుంటే మీ కొలతలు తెచ్చి నా స్థలంలో పడుకోబెడతారా?"

"అవి కాగితం మీద ఉన్నాయి బాబూ."

"నా స్థలం కూడా కాగితం మీదే ఉంది. అందుకే నా బాధ."

సాయంత్రానికి ఆక్రమణ నోటీసు వచ్చింది. అది అత్తయ్యకు కాదు, ఆమె పడమటి కొలతకు. కొలతకు తలుపు లేదు కనుక అత్తయ్య తలుపుకు అంటించి వెళ్ళారు.

కబురు గుప్పుమంది. ఊరు ఊరంతా మ్యాపులు విప్పి చూసుకుంది. మంగలి ఇంటి పొడవు డాక్టరుగారి వాకిట్లో అడ్డంగా పడుకుని ఉంది. ఏళ్ళ తరబడి మాటల్లేని అన్నదమ్ముల్లో తమ్ముడి మీటర్లు అన్న వంటింట్లోకి దూరాయి. అన్న అద్దె అడిగాడు. పక్కింటాయన డిగ్రీలు తమ పడగ్గదిలోకి తొంగి చూస్తున్నాయని ఒకావిడ కేసు పెట్టింది. ఆఫీసు ముందు వరసలో చొక్కాలు చిరిగాయి. అత్తయ్యకు మాత్రం చేతినిండా పని దొరికింది.

మంత్రిగారు చలించలేదు. సభ పెట్టించి గద్గద స్వరంతో మాట్లాడారు. "పాపం, కొలతలకు నోరు లేదు. సొంత గూడు వదిలి, పరాయి వాకిట్లో, ఒక్క బాణం పట్టుకుని వేలాడుతున్నాయి. నేను చూస్తూ ఊరుకోను." నిరాశ్రయ కొలతల పునరావాస పథకం అక్కడికక్కడే పుట్టింది. చొక్కాలు చింపుకున్నవాళ్ళే కళ్ళు తుడుచుకున్నారు.

పథకానికి ఖాళీ స్థలం కావాలి. మంత్రిగారి ఎదుటే సర్వే ఆఫీసరుగారు మ్యాపు మీద వేలుపెట్టి ఊరంతా వెతికారు. ఎక్కడ చూసినా ఎవరిదో ఒకరి కొలత పరుచుకునే ఉంది. ఒక్క మూల స్థలం మాత్రం అక్షరం ముక్క లేకుండా తెల్లగా మెరిసింది.

"అది టైలరత్తయ్య ఇల్లు సర్," అన్నాడు డ్రాఫ్టరు. "కొలతలు బయటికి లాగాం కాబట్టి ఖాళీగా కనిపిస్తోంది."

"కనిపిస్తోందా, లేదా?" అని అడిగారు మంత్రిగారు.

"కనిపిస్తోంది సర్."

"మరింకేం."

"ఊరి కొలతలన్నీ అందులో పట్టవు సర్."

"ఒకదాని మీద ఒకటి పెట్టు," అన్నారు మంత్రిగారు. "అపార్టుమెంట్లలో మనుషులు ఉండట్లేదూ?"

అత్తయ్య గుమ్మానికి అడ్డంగా రిబ్బను కట్టి కత్తిరించారు. కత్తెర అత్తయ్యదే. తెర తొలగించగానే కొత్త మ్యాపు దర్శనమిచ్చింది. మూల స్థలం నల్లటి సిరాముద్దలా ఉంది. అందులోంచి ముళ్ళపంది ముళ్ళలా ఊరి నలుమూలలకూ బాణాలు పోతున్నాయి.

"సర్, ఇందులో మా ఇంటి కొలత ఏది?" అన్నాడు మంగలి.

"నువ్వు చదవగలుగుతున్నావా?"

"లేదు సర్."

"నీ పక్కింటివాడు?"

"వాడూ చదవలేడు సర్."

"మరి తగాదా ఎలా వస్తుందయ్యా?"

చప్పట్లు ఆగలేదు. ఫిర్యాదుల సంఖ్య సున్నాకు దిగిందని మర్నాడు అన్ని పత్రికలూ రాశాయి. బావమరిదిగారు ఆ ఆనందంలో తన షెడ్డు స్తంభాలు కొంచెం తూర్పుకు జరిపి పాతించుకున్నారు. అత్తయ్య పేర్చుకున్న ఇటుకలు ఆ షెడ్డు నీడలోకి వెళ్ళిపోయాయి.

అత్తయ్య మళ్ళీ ఆఫీసుకు వెళ్ళింది. "నాయనా, మా పడమటి గీత ఎక్కడుందో ఒక్కసారి చూపించు."

డ్రాఫ్టరు మ్యాపును పెద్దది చేస్తూ పోయాడు. తెర మొత్తం నల్లబడింది.

"ఉంది అత్తయ్యా. ఈ అంకెల కింద ఎక్కడో ఉంది."

"వాటిని కాస్త పక్కకు జరుపు మరి."

"జరపకూడదు. పునరావాసం పొందినవాళ్ళను కదిలిస్తే నేరం."

మేస్త్రీ దారం ఉండ తెచ్చి, ఎక్కడ కట్టమంటారని అడిగాడు. మళ్ళీ దారం చుట్టుకుని వెళ్ళిపోయాడు.

పడమటి గోడ ఇంకా కట్టలేదు.