సెల్వికి ఆశ్చర్యం తక్కువ

మట్టిలో ఆడుకోవడం మానవజాతి మొదటి విద్య అని పెద్దలు చెప్పారు గానీ, అందుకు ఎవరి అనుమతి తీసుకోవాలో చెప్పకుండానే పోయారు. ఆ లోటును గుడియాత్తం అవతల, కొండ కింద మామిడితోపులో వెలసిన వనమాత శిశు విద్యాలయం తీర్చింది. అక్కడ గోడల్లేవు, బెంచీల్లేవు, నల్లబల్ల లేదు. నిబంధనలు మాత్రం పుష్కలంగా ఉన్నాయి. చెట్టెక్కే ముందు పిల్లలు చెట్టు సమ్మతి అడగాలి. చెట్టు ఒప్పుకుందో లేదో టీచరు చెబుతుంది. (చెట్టును ఇంతవరకూ ఏ కమిటీలోనూ వేసుకోలేదు.) వానపామును దూరం నుంచి ఊరికే చూడవచ్చు. ముట్టుకోవాలంటే ఇంటి నుంచి సంతకం రావాలి. పిల్ల ఇంటి నుంచి.

ఈ బడిలో మేస్త్రి రాజమాణిక్యం కూతురు సెల్వికి ఉచిత సీటు దొరికింది. లేనివాళ్ల పిల్లలకు కొన్ని సీట్లు ఇవ్వాలని సర్కారు రూలు, చీటీ తీస్తే సెల్వి పేరు వచ్చింది. ఆ రోజు రాజమాణిక్యం భార్య గోమతి వీధంతా చక్కెర పంచింది. వేలూరు నుంచి కార్లలో వచ్చే పిల్లల పక్కన తన పిల్ల కూర్చుంటుంది, నాలుగు ఇంగ్లీషు ముక్కలు నేర్చుకుంటుంది, తనలాగా ఇటుకలు మోయదు. గోమతి ఆశ అంతే. అదేమీ చిన్న ఆశ కాదు.

సీటు దొరకడం వేరు, నిలవడం వేరు. ఆ బడిలో పాఠాలు లేవు కాబట్టి మార్కులు ఆశ్చర్యానికి వేస్తారు. అందుకోసం కృష్ణన్ అనే ఆశ్చర్య పరిశీలకుణ్ణి నియమించారు. ప్రకృతిని చూసినప్పుడు ఏ పిల్ల నోరు ఎంత తెరిచిందో గమనించి, సాయంత్రానికి యాప్‌లో తల్లిదండ్రులకు పంపడం ఆయన ఉద్యోగం. దసరా సెలవుల లోపల ఆశ్చర్యం నిరూపించుకోని పిల్లల సీటు ఇంకొకరికి పోతుంది.

కార్ల పిల్లలకు ఈ పరీక్ష నల్లేరు మీద బండి నడక. మేకపిల్లను చూసి కేకలు పెట్టారు. ఒక బాబు పేడ చూసి కళ్లు తిరిగి పడ్డాడు, ఆ వారానికి అతనే ఉత్తమ విద్యార్థి. సెల్వి మాత్రం వానపామును చూసి ‘వానపాము’ అని ఊరుకుంది. గొంగళిపురుగును చూసి పక్క పిల్లను వెనక్కి లాగింది. మట్టిగుంటలో దిగమంటే, టీచరు చప్పట్లు మొదలుపెట్టే లోపే మోకాళ్ల దాకా పూసుకుని గోడ కట్టసాగింది. సాయంత్రం ఫోను మోగింది. ‘సెల్వి. ఆశ్చర్యం: తక్కువ. ప్రకృతిని ముందే చూసినదానిలా ప్రవర్తిస్తోంది.’

రాజమాణిక్యానికి గుండెల్లో రాయి పడింది. ఇంట్లోనే ట్యూషన్ పెట్టాడు. నోరు ఎలా తెరవాలో గోమతి తెరిచి చూపిస్తే, అమ్మకు పన్ను నొప్పి అనుకుని పిల్ల లవంగం తెచ్చి ఇచ్చింది. ఆయన కాలువలోంచి కప్పను పట్టుకొచ్చి ముందు పెట్టాడు.

“ఇది మన కప్పే కదా నాయనా,” అంది సెల్వి.

ఇంతలో ఒక శనివారం పెద్దల శ్రమదానం వచ్చింది. తల్లిదండ్రులు బాగా సేవ చేస్తే పిల్లల ఖాతాలో ఆశ్చర్యం జమ అవుతుందని బడి పెద్ద అంబుజం ప్రకటించింది. ఒక డాక్టరుకు పిచ్చుకలకు గింజలు చల్లే బాధ్యత దక్కింది. ఒక ఇంజనీరు కొమ్మకు గంట కట్టి, ఫోటో దిగి వెళ్లిపోయాడు. రాజమాణిక్యాన్ని మట్టిగుంట బాగు చెయ్యమని, ఆయనకు తెలిసిన పనే కాబట్టి మనసుకు తోచినట్టు చెయ్యమని చెప్పి అంబుజం కూడా కారెక్కింది.

రాజమాణిక్యం గుంటను చూశాడు. ఎగుడుదిగుడుగా ఉంది, నీళ్లు నిలిచి ఉన్నాయి. నేల బాగు చెయ్యమని ఆయనకు చెప్పినవాళ్లెవరూ ఇంతవరకు దాన్ని మట్టిగానే ఉంచమన్న పాపాన పోలేదు. బామ్మర్ది దేవేంద్రన్‌కు ఫోను చేశాడు. లత్తేరిలో పని ముగిసిన ఇంటి దగ్గర మిగిలిన సిమెంటు, ఇసుక, కంకర, ఎర్ర రంగు పొడి ఆటోలో వచ్చాయి. బామ్మర్ది దిమ్మిసతో నేల అణగగొట్టాడు, ఆయన తాపీ పట్టాడు. పొద్దుగూకేసరికి మట్టిగుంట ఉన్నచోట ఎర్ర గచ్చు తళతళలాడింది. వాననీళ్లు నిలవకుండా వాటం కూడా ఇచ్చాడు. ఏ యజమానికీ ఆయన ఇంత శ్రద్ధగా చెయ్యలేదు, ఎందుకంటే ఇది పిల్ల సీటు. ఆదివారం వచ్చి గచ్చుకు నీళ్లు కూడా పట్టి వెళ్లాడు.

సోమవారం సెల్విని తానే తీసుకొచ్చాడు. అంబుజం గచ్చును చూసి దాని మీదే కూలబడింది. (చీరకు ఏమీ అంటలేదు.)

“మట్టి ఏదప్పా?”

“ఆడనే ఉండాదమ్మా. గచ్చు కింద బద్రంగా ఉండాది.”

ఆమె ముఖం చూశాక గానీ తాను చేసిన పని ఆయనకు అర్థం కాలేదు. చేతులారా పిల్ల సీటుకు సమాధి కట్టాననుకున్నాడు. అప్పుడే సెల్వి గచ్చు అంచు దాకా వచ్చి ఆగింది. కళ్లు గుండ్రంగా అయ్యాయి, నోరు తెరుచుకుంది, ఎంతసేపటికీ మూతపడలేదు.

“నాయనా, మట్టినంతా యాడికి పంపించేసినావు?”

కృష్ణన్ ఫోను పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. అంత ఆశ్చర్యం ఆ బడి చరిత్రలో లేదు. గచ్చును చూసి ఆశ్చర్యపడితే మార్కులివ్వవచ్చా అని మామిడిచెట్టు కింద కమిటీ కూర్చుని, ప్రకృతి లేకపోవడాన్ని గమనించడం ప్రకృతి విద్యలో పై మెట్టు అని తేల్చింది. సెల్వికి నూటికి నూరు వేసి సీటు ఖాయం చేశారు. గోమతి మళ్లీ చక్కెర పంచింది.

ఆ సాయంత్రం కార్ల సీట్లకు మట్టి అంటలేదు. తల్లిదండ్రులు ముక్తకంఠంతో హర్షించి, తోపంతా గచ్చు చేయించమని కోరారు. అదీ అయింది. దానికి ‘స్థిరపడిన భూమి’ అని అంబుజం పేరు పెట్టింది. ఇక బడిలో మట్టి ఒక్కటే కొరవడింది కాబట్టి, ప్రతి బుధవారం మట్టి దర్శన యాత్ర ఉంటుందని యాప్ తెలిపింది. రోడ్డు గానీ మురుగుకాలువ గానీ సోకని స్వచ్ఛమైన మట్టి కోసం ఊరంతా గాలించారు. మున్సిపాలిటీ ఏళ్ల తరబడి తాకకుండా కాపాడిన రాజమాణిక్యం వీధే అర్హత పొందింది.

బుధవారం ఆయన పని మానుకుని ఇంట్లోనే ఉన్నాడు. బస్సు వచ్చింది. పిల్లలు చేతులకు తొడుగులు వేసుకుని, మట్టిని ముట్టుకునే వంతు కోసం వరుసలో నిలబడ్డారు. సెల్వి వంతు సరిగ్గా తన ఇంటి ముందే వచ్చింది. ఎండ మండిపోతోంది.

“నాయనా, దప్పి,” అంది.

రాజమాణిక్యం చెంబుతో నీళ్లు తీసుకుని గడప దాటబోయాడు. కృష్ణన్ ఎంతో మర్యాదగా చెయ్యి అడ్డం పెట్టి, బడి ఆవరణలోకి సందర్శకులను సాయంత్రం నాలుగు తర్వాతే అనుమతిస్తామని చెప్పాడు.