చెడిపోని బండి

పళ్ళ డాక్టరుగారి మోటారుసైకిలు కొన్ననాటి నుంచి నేటివరకు ఒక్కసారి కూడా చెడిపోలేదని ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమైనది. ఆగిపోయిన మాట వాస్తవమే. కూడలిలో ఆగింది, వంతెన మీద ఆగింది, పెట్రోలు బంకులోంచి బయటికి వస్తూ ఆగింది, బాగుచేయించుకుని వస్తుంటే సర్వీసు సెంటరు గేటులోనే ఆగింది. కానీ ఆగడం వేరు, చెడిపోవడం వేరు. ఈ తేడా తెలియనివాళ్ళు మామూలు బళ్ళు కొనుక్కుని, వెళ్ళాలనుకున్న చోటికి వెళ్ళి, రావాలనుకున్న వేళకు ఇంటికి వచ్చేస్తూ, సాహసమంటే ఏమిటో తెలియకుండానే ముసలివాళ్ళయిపోతారు.

డాక్టరుగారు కూడా అలా అయిపోవలసినవారే. నలభై దాటి చాలాకాలమైనా ఆయన ప్రపంచమంతా రెండు పెదవుల మధ్యనే ఉండేది. నుదుటి మీద దీపం, చేతిలో చిన్న అద్దం, ఎదురుగా తెరిచిన నోరు. క్లినిక్‌కు ఉన్న ఒకే ఒక్క కిటికీ పక్క భవనం గోడకేసి తెరుచుకునేది. జీవితంలో ఆయన చూసిన అతి దూరపు వస్తువు జ్ఞానదంతం. ఆయన భార్య బళ్ళో భూగోళం టీచరు. ఎడారులు, పీఠభూములు, మంచునదులు ఆవిడకు కంఠతా వచ్చు. వెళ్ళింది మాత్రం ఇంటి నుంచి బడికీ, బడి నుంచి ఇంటికీ.

ఒక మధ్యాహ్నం ఒక రోగికి చిగురులో సూది వేసి, అది మొద్దుబారేదాకా కాసేపు కూర్చోమని చెప్పి, ఆ ఖాళీలో డాక్టరుగారు ఫోనులో ఒక వీడియో చూశారు. ఒకాయన ఎత్తయిన మోటారుసైకిలు మీద నిలబడి ఏరు దాటాడు, బురద దాటాడు, కొండ మీదికెక్కి హెల్మెట్ తీసి ఎటో చూశాడు. ఎటు చూశాడో వీడియోలో చూపించలేదు. అదేమిటో తనూ చూడాలని డాక్టరుగారికి బలంగా అనిపించింది. ఎంత బలంగా అంటే, ఆయన ఫోను పక్కన పెట్టేసరికి రోగి చిగురు మొద్దుబారడమూ అయింది, మళ్ళీ మామూలు కావడమూ అయింది. ఆ రోగి పెట్టిన కేకను డాక్టరుగారు శుభసూచకంగా భావించారు.

అలాగని తొందరపడి కొనలేదు. చదువుకున్న మనిషి కనుక, అప్పటికే కొన్నవాళ్ళు రాసిన అనుభవాలన్నీ ఓపిగ్గా చదివారు. "రాయిలాంటి బండి. మూడోసారి ఇంజను మార్చాక అసలు ఇబ్బందే లేదు" అని ఒకాయన రాశాడు. "నా అన్నవాళ్ళు నన్ను వదిలేస్తారేమోగానీ ఇది వదలదు. ప్రస్తుతం సర్వీసు సెంటరులో ఉంది, రాగానే మిగతాది రాస్తాను" అని ఇంకొకాయన. ప్రతి అనుభవంలోనూ మొదటి వాక్యం డాక్టరుగారి మనసుకు హత్తుకుపోయింది. ప్రేమలో పడ్డవాళ్ళు రెండో వాక్యం దాకా వెళ్ళరు.

బండి రానే వచ్చింది. ఎక్కి కూర్చుంటే డాక్టరుగారి కాళ్ళు నేలకందలేదు. షోరూములో అమ్మకాలు చూసే ఆయన చిరునవ్వు చెదరకుండా, "ఇది వాగులు దాటడానికి చేసిన బండి సార్. నేల సంగతి మర్చిపోండి" అన్నాడు. డాక్టరుగారు మర్చిపోయారు. ఎర్రలైటు పడినప్పుడల్లా కాలు మోపడానికి పేవ్‌మెంటు ఉందా లేదా అని చూసుకునేవారు. పేవ్‌మెంటు లేని కూడళ్ళున్న దారులను శాశ్వతంగా వదులుకున్నారు. ఆ విధంగా క్లినిక్‌కు ఉన్న దగ్గరి దారి మానేసి, ఊరు చుట్టి వెళ్ళడం మొదలైంది. దాన్నే అన్వేషణ అంటారని తర్వాత తెలిసి సంతోషించారు.

ఇక వేషం. మోకాళ్ళకు చిప్పలు, మోచేతులకు చిప్పలు, వెన్నుకు పలక, పిక్కల దాకా బూట్లు. ఇవన్నీ తొడుక్కుని ఆయన వీధి గుమ్మం దాటేలోపు, భార్య తన పాత స్కూటరు మీద బడికి చేరి, హాజరు తీసుకుని, ఒక ఖండం పాఠం పూర్తిచేసేది. ఆ స్కూటరు ఎన్నడూ ఎక్కడా ఆగిన పాపాన పోలేదు. అందువల్ల దాన్ని గురించి చెప్పుకోవడానికి ఏమీ లేదు.

ఈ బండి కొన్నవాళ్ళకు ఆ ఊళ్ళో ఒక సంఘం ఉంది. అధ్యక్షుడు సిమెంటు వ్యాపారి. ఆయన ఏ సైన్యంలోనూ పనిచేయలేదు గనుక అందరూ ఆయన్ను కెప్టెన్ అనేవారు. ఆదివారం ఉదయం సభ్యులంతా పెట్రోలు బంకు దగ్గర కలుసుకునేవారు. ఎవరి బండి కదిలితే వాళ్ళు బయల్దేరేవారు, కదలనివాళ్ళు వాళ్ళకు వీడ్కోలు చెప్పేవారు. సంఘానికి సొంత పరిభాష ఉండేది. బండి ఆగింది అనకూడదు, విరామం కోరింది అనాలి. ఆయిలు కారితే చెమట పట్టింది అనాలి. ఎంత నొక్కినా స్టార్టు కాకపోతే ఆలోచనలో ఉన్నట్టు. ట్రక్కుకెక్కించి తేవలసివస్తే దాన్ని ఉమ్మడి ప్రయాణం అంటారు. కొత్తగా చేరిన డాక్టరుగారు ఒకసారి నోరుజారి "నా బండి పాడైందండీ" అన్నారు. అందరూ టీ తాగడం ఆపేశారు. కెప్టెన్ ఆయన భుజం మీద చెయ్యి వేసి, "మీరు బండి దగ్గరికి రోగిలా వెళ్ళకండి డాక్టర్ గారూ, భక్తుడిలా వెళ్ళండి" అని మందలించాడు.

సర్వీసు సెంటరు వెయిటింగ్ హాలు చాలా బాగుంటుంది. మెత్తటి సోఫాలు, కాఫీ మిషను, గోడనిండా మంచుకొండల ఫోటో. సభ్యులు అత్యధిక సమయం ఆ కొండల కిందే గడిపేవారు. "పార్టు ఓడలో ఉంది సార్" అని మేనేజరు చెప్పేవాడు. తర్వాత రేవులో ఉండేది. తర్వాత పొరపాటున ఇంకో ఖండానికి వెళ్ళిపోయేది. బండికంటే దాని విడిభాగాలే ఎక్కువ లోకం చూశాయి. అవి ఎక్కడెక్కడున్నాయో డాక్టరుగారు ఇంటికొచ్చి చెబితే, భార్య అట్లాసులో వేలుపెట్టి చూపించేది. ఆ ఇంట్లో భూగోళం అంత శ్రద్ధగా అంతకుముందెన్నడూ ఎవరూ చదవలేదు.

ఇన్ని జరుగుతున్నా ఆయన దాన్ని ఎందుకు అమ్మలేదని తెలివైనవాళ్ళు అడుగుతారు. అడగవలసిందే.

బడి సెలవుల్లో ఒక ఉదయం ఆవిడ తనంతట తానే, "ఏమండీ, ఓసారి నేనూ వస్తాను" అంది. స్టూలు వేసుకుని వెనక ఎక్కింది. ఆ రోజు బండికి ఏ దేవత పూనిందోగానీ, ఊరు దాటాక అది పాడింది. ఘాట్ రోడ్డు మలుపుల్లో ఒకవైపు ఒరుగుతూ, ఇంకోవైపు లేస్తూ, చెట్ల నీడలు మొహం మీద టపటపా కొడుతుంటే, డాక్టరుగారు హెల్మెట్ లోపల తనకు తెలియకుండానే నవ్వుతున్నారు. ఇన్నేళ్ళుగా ఇతరుల నోళ్ళు తెరిపించిన మనిషి మొదటిసారి తన నోరు తెరిచి గాలి మింగారు. ఆ గంటా నిజంగా ఎంత బాగుందంటే, దాన్ని వెక్కిరించడం ఈ రచయితకు కూడా సాధ్యం కాలేదు.

కొండ మీద, సరిగ్గా లోయ కనిపించే మలుపులో, బండి విరామం కోరింది.

సర్వీసు ట్రక్కు సాయంత్రానికి వస్తుందన్నారు. ఇద్దరూ రోడ్డు పక్క పిట్టగోడ మీద కూర్చున్నారు. కింద నేల పొరలుపొరలుగా విరిగి, దూరంగా నీలంలో కలిసిపోతోంది. ఆవిడ అటు వేలు చాచింది.

"అదిగో, అది పీఠభూమి అంచండీ" అంది. "ఇన్నేళ్ళుగా సుద్దముక్కతో బోర్డు మీద ఒక్క గీత గీసి చూపిస్తున్నాను. ఇంతుంటుందని నాకే తెలీదు."

"కోపంగా ఉందా?" అన్నారు డాక్టరుగారు బండి వంక చూస్తూ.

"దేనికి? అది నడిచినంతసేపూ నాకు మీ వీపే కనిపించింది. ఆగాకే బాగుంది."

డాక్టరుగారు ఆవిడ వైపు తిరిగారు. దూరం చూడడం అలవాటు లేని కళ్ళేమో, ఆయనకు దగ్గరిదే స్పష్టంగా కనిపించింది. ట్రక్కు వచ్చేదాకా ఇద్దరూ కబుర్లు చెప్పుకున్నారు. ట్రక్కు త్వరగా వచ్చిందని ఇద్దరికీ అనిపించడం సంఘ చరిత్రలో అపూర్వం.

కథ ఇక్కడ ఆగి ఉంటే అందరికీ క్షేమంగా ఉండేది. కానీ డాక్టరుగారికి ఒక బావమరిది ఉన్నాడు. కళ్ళజోళ్ళ దుకాణం. నెలకోసారి పాత వ్యానులో కొండ ఊళ్ళకు వెళ్ళి, ముసలివాళ్ళ కళ్ళు పరీక్షించి, మళ్ళీ వెళ్ళినప్పుడు జోళ్ళు ఇచ్చి వస్తుంటాడు. వాళ్ళు అతని కోసం రోడ్డు మీద కాచుకుని ఉంటారు. అటువంటివాడు ఒక ఆదివారం వచ్చి, "వ్యాను అమ్మేస్తున్నా బావగారూ. మీ బండే కొంటున్నా. అదెక్కడైనా ఎక్కుతుందటగా!" అన్నాడు.

అతను వెళ్ళగానే ఆవిడ భర్త ఎదురుగా కూర్చుంది. "వాడికి నిజం చెప్పండి. నేను చెబితే అక్క కదా, భయపడుతోంది అనుకుంటాడు. మనమంటే కొండ మీద కూర్చుని కబుర్లు చెప్పుకున్నాం. అక్కడ కళ్ళు కనపడనివాళ్ళు ఎదురుచూస్తుంటారు."

డాక్టరుగారు మర్నాడే దుకాణానికి వెళ్ళి చెప్పారు. బావమరిది ఒక అద్దం తుడుస్తూ అంతా విని, "అర్థమైంది బావగారూ. ఊళ్ళో మీకొక్కరికే ఉండాలి, అంతేనా?" అన్నాడు. డాక్టరుగారి చెవులు ఎర్రబడ్డాయి. ఒంటరిగా చెబితే అసూయ అయింది గనుక, పదిమందిలో చెబితే సత్యం కాకపోదని ఆయన లెక్కవేసుకున్నారు.

అవకాశం త్వరలోనే వచ్చింది. కంపెనీవారు ఫంక్షన్ హాల్లో యజమానుల అనుభవ సదస్సు జరిపారు. బయట కొత్త బళ్ళు వరుసగా నిలబెట్టారు, ద్వారం పక్కనే బుకింగు బల్ల వేశారు. బావమరిది ముందు వరుసలో కూర్చున్నాడు, పక్కన అక్క. మొదట కెప్టెన్ లేచి మైకు సవరించుకున్నాడు.

"మిత్రులారా! మామూలు బండి మనిషిని గమ్యానికి చేరుస్తుంది. అందులో గొప్పేముంది? బస్సు కూడా చేరుస్తుంది! మన బండి మనిషిని మనిషిగా మారుస్తుంది! నా బండి ఈ క్షణాన నా దగ్గర లేదు. అయినా నేను దాని మీదే ఉన్నాను!"

చప్పట్లు మోగాయి. తర్వాత డాక్టరుగారు లేచారు. ఈసారి కాళ్ళు నేలకు అందాయి.

"నేను నిజం చెబుతాను" అన్నారు. "నా బండి చెడిపోయింది. కూడలిలో చెడిపోయింది. వంతెన మీద చెడిపోయింది."

వెనక వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. డాక్టరుగారు గొంతు పెంచారు. "బాగుచేయించుకుని వస్తుంటే సర్వీసు సెంటరు గేటులోనే చెడిపోయింది!"

హాలు గొల్లుమంది. ఒకాయన కళ్ళు తుడుచుకుంటూ "నాదీ అంతే! నాదీ అదే గేటు!" అని అరిచాడు. ఇన్నాళ్ళూ పరిభాషలో మగ్గిన సభ్యులు ఒక్కొక్కరే లేచి, తమ బళ్ళు ఎక్కడెక్కడ పడకేశాయో పోటీలుపడి చెప్పసాగారు. తక్కువసార్లు ఆగినవాళ్ళు సిగ్గుతో తలవంచుకున్నారు. ఏం చేయాలో తోచక డాక్టరుగారు తన దగ్గరున్న ఆఖరి నిజం కూడా చెప్పేశారు. కొండ మలుపు గురించి, పిట్టగోడ గురించి, సుద్దముక్క గీత గురించి చెప్పారు. "మా పెళ్ళయ్యాక మేమిద్దరం అంతసేపు మాట్లాడుకోవడం అదే మొదలు. అయినా సరే, దయచేసి ఈ బండి కొనకండి" అన్నారు.

కంపెనీ తరఫున వచ్చిన పెద్ద అధికారి కళ్ళజోడు తీసి కళ్ళు ఒత్తుకున్నాడు. మరుక్షణం కుర్చీలు దబదబా వెనక్కి పడ్డాయి. జనం తోసుకుంటూ ద్వారం వైపు పరుగెత్తారు. హాలుకు నిప్పంటుకుందేమోనని డాక్టరుగారు కంగారుపడ్డారు. వాళ్ళు వెళ్ళింది బుకింగు బల్ల దగ్గరికి. అందరికంటే ముందు బావమరిది ఉన్నాడు.

"ఇదా బావగారూ మీరు నా దగ్గర దాచింది!" అని అక్కడి నుంచే కేకవేశాడు.

ఆవిడ నెమ్మదిగా వేదిక దగ్గరికి వచ్చి భర్త వంక చూసింది. "నిజం చెప్పమన్నాను గానీ, ఇంత బాగా చెప్పమన్నానా?"

ప్రస్తుతం ఊరూరా గోడల మీద కంపెనీవారి కొత్త ప్రకటన కనిపిస్తోంది. ఆగిపోయిన బండి పక్కన పిట్టగోడ మీద ఒక జంట, కింద 'ఆగినచోటే అనుబంధం' అనే మాట. డాక్టరుగారిని ఇతర ఊళ్ళ సదస్సులకు కూడా పిలుస్తున్నారు. ఆయన వెళ్ళి ప్రతిచోటా కొనవద్దని వేడుకుంటారు, అమ్మకాలు ప్రతిచోటా రెట్టింపవుతాయి. ఆయన ఆ ఊళ్ళకు బస్సులో వెళ్తారు. బావమరిది బండి ఇంతవరకు ఏ కొండ ఊరికీ చేరలేదు. అది ఆగినచోటికి ముసలివాళ్ళే ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని దిగివస్తారు. జోడు పెట్టుకోగానే వాళ్ళకు లోకంలో మొట్టమొదట స్పష్టంగా కనిపించేది ఆ బండే. "అబ్బ, ఎంత బాగుందయ్యా!" అంటారు.

ఇకనైనా ఎవరూ మోసపోకూడదన్న సదుద్దేశంతో ఈ ఉదంతాన్ని ఉన్నదున్నట్టు రాసి, అచ్చుకు పంపేముందు నలుగురైదుగురు విజ్ఞులకు చదివి వినిపించడం జరిగింది. అందరూ శ్రద్ధగా విన్నారు, నవ్వవలసిన చోట నవ్వారు, సమాజం ఎటు పోతోందని బాధపడ్డారు. తర్వాత గొంతు తగ్గించి, ఆ బండి పేరేమిటని విడివిడిగా అడిగారు. తమరూ అడగబోతున్నారు గనుక ముందే మనవి చేసుకోవడమైనది: ఎరుపు వెంటనే దొరుకుతుంది. తెలుపుకు మాత్రం కొంతకాలం ఆగాలి.