మిద్దె మీద సోలార్ పలక

ఆ పొద్దున సిద్ధయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎండ ముదరకముందే సోలార్ పలకను మిద్దె మీదికి ఎక్కించాలి, కారు బ్యాటరీకి తగిలించాలి, సాయంత్రానికల్లా రేడియో వినాలి. అంతే.

ఇరాకీ సైన్యం కువైట్‌లోకి వచ్చి యాభై రోజులైంది. సిద్ధయ్య డ్రైవరుగా పనిచేసే కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, కుటుంబంతో వేసవి సెలవులకని లండన్ వెళ్లి అక్కడే చిక్కుకుపోయాడు. వంటమనిషి రెండో రోజే మూట సర్దుకుంది. జహ్రాలోని ఆ పదకొండు గదుల ఇంట్లో సిద్ధయ్య ఒక్కడే మిగిలాడు. గోడలతో మాట్లాడే దశ దాటి, అవి బదులివ్వడం లేదని అలిగే దశకు వచ్చాడు.

ఇండియావాళ్లను బస్సుల్లో బాగ్దాద్ మీదుగా ఇళ్లకు పంపుతున్నారట. ఎప్పుడు, ఎక్కణ్ణుంచి అన్నది రేడియోలో చెప్తారట. వీధికి కరెంటు లేదు, అంగళ్లలో రేడియో సెల్లుల్లేవు. రాయచోటి దగ్గరి పల్లెలో భార్య వెంకటేశ్వరికి అతను బతికున్నాడో లేడో కూడా తెలియదు. ఆ బస్సు తప్పిపోతే ఈ ఖాళీ ఇంట్లోనే పిచ్చెక్కి పోతానని సిద్ధయ్యకు గట్టి భయం పట్టుకుంది.

ఆ పలక కఫీల్ పెద్దకొడుకుది. చలికాలం ఎడారిలో గుడారం వేసుకుని టీవీ చూడటానికి తెచ్చుకున్నాడు. ఎర్ర తీగ ఎరుపుకి, నల్ల తీగ నలుపుకి అని సిద్ధయ్య అప్పుడే చూసి పెట్టుకున్నాడు. ఇక బ్యాటరీ సంగతి. సైనికులు కారు పట్టుకుపోకుండా దాన్ని ముందే పీకి దాచాడు. వాళ్లు కారును తోసుకుంటూ పట్టుకుపోయారు. మిగిలిన బ్యాటరీ రెండు వారాలు రేడియో వినేసరికి చచ్చింది.

పలకను మిద్దెకెక్కించి, తీగలు తగిలించి, సిద్ధయ్య ఇంకో పని కూడా చేశాడు. ఇంటివాళ్లు ఊళ్లో లేనప్పుడు సోఫా, టీవీ, ఆఖరికి ఫోను మీద కూడా దుప్పటి కప్పాలన్నది మామా పెట్టిన నియమం. యజమానురాలిని పనివాళ్లంతా మామా అనే పిలుస్తారు. పన్నెండేళ్ల అలవాటు ఎక్కడికి పోతుంది? పలక మీద తెల్ల దుప్పటి పరిచి, నాలుగు మూలలా ఇటుకలు పెట్టాడు. మధ్యాహ్నమైనా రేడియో కిక్కురుమనలేదు.

పక్కింట్లో పనిచేసే హమీదా బీ గోడ మీదుగా తొంగి చూసింది. ఆమెదీ రాయచోటే.

"ఏందన్నా, మిద్దె మీద తెల్లజెండా ఏసినావు? లొంగిపోయినావా?"

"జెండా కాదు హమీదా. సోలార్. ఎండకు కరెంటిస్తాది."

"దుప్పటి కప్పి పండబెడితే దానికి ఎండ యాడ తగుల్తాదన్నా?"

సిద్ధయ్య దుప్పటి లాగేశాడు. అంతలో దుమ్ము లేచింది, మళ్లీ కప్పాడు. దుమ్ము తగ్గింది, మళ్లీ లాగాడు. అలా నాలుగుసార్లు. లాగిన ప్రతిసారీ పలక అద్దం మీది ఎండ వీధి చివర చెక్‌పాయింట్‌లో కూర్చున్న సార్జెంటు కళ్లల్లో కొట్టింది.

పది నిమిషాల్లో సార్జెంటు ఇద్దరు సైనికులతో మిద్దెక్కాడు. "ఎవరికి సైగలు చేస్తున్నావు?" అన్నాడు అరబ్బీలో.

సిద్ధయ్యకొచ్చిన అరబ్బీ పిల్లల్ని బడిలో దింపడానికీ, మార్కెట్‌కీ సరిపోయేది. ప్రాణభయానికి అది చాలలేదు. కఫీల్ తన కొడుకు గురించి గొప్పగా చెప్పుకునే మాటొకటి నోటికొచ్చింది. "అనా ముహందిస్," అన్నాడు. నేను ఇంజినీరుని అని.

సార్జెంటు తుపాకీ దించాడు. పలకను, తీగలను, బ్యాటరీని చూశాడు. "మా వైర్‌లెస్ బ్యాటరీ రోజూ చచ్చిపోతోంది. రేపు తెస్తాను," అని సిద్ధయ్య భుజం తట్టి వెళ్లాడు.

మర్నాడు మూడు బ్యాటరీలొచ్చాయి. వాటితో పాటు గుండ్రటి ముద్ర వేసిన కాగితం కూడా. "ఇది దగ్గరుంచుకో. నిన్నెవరూ ముట్టుకోరు," అన్నాడు సార్జెంటు. సిద్ధయ్యకు అరబ్బీ చదవడం రాదు. కానీ ముద్ర ఉన్న కాగితమంటే అతనికి ఇఖామా అంత, అంటే ఆ దేశంలో ఉండనిచ్చే అనుమతి పత్రమంత గౌరవం. మడిచి చొక్కా జేబులో, గుండెకు ఆనించి పెట్టుకున్నాడు.

దుప్పటి లేకపోయేసరికి రేడియో పలికింది. ఆ తర్వాతి నాలుగు రోజులూ సిద్ధయ్యకు పండగే. రేడియో కోసం హమీదా బీ వచ్చేది, వెనక వీధిలో వంటచేసే అన్వర్ బాషా వచ్చేవాడు. మామా సోఫాల మీది దుప్పట్లు తీసేసి, అందరూ కూర్చుని, కడప ఎండల్ని జహ్రా ఎండలతో పోల్చి తిట్టుకునేవారు. మనిషి గొంతు వినడం ఇంత సుఖమని అతనికి అంతకుముందు తెలియదు. నాలుగో రోజు రేడియో బస్సుల మాట చెప్పింది. అన్వర్ బాషా పరుగెత్తిపోయి ముగ్గురి పేర్లూ రాయించి వచ్చాడు.

శుక్రవారం పొద్దున బస్సెక్కారు. ఊరు దాటే చోట బస్సు ఆపి, సైనికులు ఒక్కొక్కరినీ చూస్తూ వచ్చారు. అందరూ కొత్త ముఖాలే. సిద్ధయ్య దగ్గర ఆగిన సైనికుడు సగం నిద్రలో ఉన్నాడు. "డ్రైవరువా? యల్లా, సరే," అని ముందుకు కదిలాడు కూడా.

సిద్ధయ్య ప్రాణం ఊరుకోలేదు. ఎందుకైనా మంచిదని జేబులోంచి కాగితం తీసి చూపించాడు.

సైనికుడు చదివాడు. నిద్ర వదిలింది. "దిగు," అన్నాడు.

"ఎందుకు సార్?"

"ఈ ఇంజినీరు మా పోస్టుకు అవసరం, జహ్రా దాటి పోనివ్వవద్దు అని ఉంది."

"నేను డ్రైవర్ని సార్. అన్వరూ, నువ్వన్నా చెప్పప్పా."

"డ్రైవరే సార్," అన్నాడు అన్వర్ బాషా.

"డ్రైవరుకు ఎవరైనా ఇంత పెద్ద ముద్ర వేస్తారా?"

సిద్ధయ్య దిగాడు. హమీదా బీ కిటికీలోంచి అతని చేయి పట్టుకుని ఏడ్చేసింది.

"వదినకు ఏం చెప్పల్లన్నా?"

"బాగుండానని చెప్పు. బతికుండానని చెప్పు."

బస్సు కనుమరుగయ్యేదాకా రోడ్డు మీదే నిలబడ్డాడు. తర్వాత నడుచుకుంటూ ఇంటికొచ్చాడు. ముగ్గురు కూర్చున్న సోఫాలు ఖాళీగా ఉన్నాయి. ఆ నాలుగు రోజుల ముచ్చట్లు అసలు లేకుండా ఉంటేనే బాగుండేదనిపించి, ఒక మూల కూర్చుని కాసేపు ఏడ్చాడు. అంతలో గుమ్మంలో ఐదు బ్యాటరీలు దించి, "ముహందిస్ సాహెబ్," అని పిలిచాడు సార్జెంటు ఎంతో మర్యాదగా.

పన్నెండేళ్ల గల్ఫు నౌకరీలో సిద్ధయ్యకు మొదటిసారి ప్రమోషన్ వచ్చింది. సెలవే మంజూరు కాలేదు.